కుంచె చాళ్ళు కనపడని ఆయిల్ పెయింటింగ్: తలం, బ్రష్, మీడియం ఎంచుకోవడం ఎలా

పూర్తయిన ఆయిల్ పెయింటింగ్‌ను కిటికీ పక్కన నిలబెట్టి, వెలుతురు వారగా పడేలా తిప్పి చూడండి. ఎదురు వెలుతురులో దాక్కున్నవన్నీ అప్పుడు బయటపడతాయి: బుగ్గ మీద నాగలి చాళ్ళలాంటి కుంచె గీతలు, నుదుటి మీద క్యాన్వాస్ నేత, నేపథ్యంలో ఎండిన రంగు పలుకులు. ఇవి కనపడగానే చాలామంది చేయి మీడియం (రంగు తేలిగ్గా కదలడానికి కలిపే నూనె మిశ్రమం) సీసా మీదికి పోతుంది. ఇంకో నాలుగు చుక్కల నూనె పడుతుంది. రంగు జారుతుంది, మెరుస్తుంది. చాళ్ళు మాత్రం పోవు. పైగా కొన్నాళ్ళకు ఆ చోటు పసుపు తిరుగుతుంది.

గరుకు మూడు చోట్ల నుంచి వస్తుంది: కింద ఉన్న తలం, పైన వేసిన రంగు మందం, ఆ రంగును లాగిన వెంట్రుకల బిరుసు. వీటిలో మీడియం మార్చగలిగేది రెండోదాన్నే, అదీ కొంతవరకే. అందుకని పని ఈ వరసలో సాగాలి: ముందు తలం, తర్వాత కుంచె, ఆఖరికి మీడియం. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఖర్చు కూడా ఇదే వరసలో పెట్టండి.

తలం సిద్ధం చేయడం

యాన్ వాన్ ఐక్ 1434లో వేసిన ఆర్నోల్ఫిని దంపతుల చిత్రం ఓక్ చెక్క మీద ఉంది. లియొనార్డో మోనాలిసా పాప్లర్ చెక్క మీద ఉంది. వాటి నునుపులో కొంత వాటా ఆ చెక్కలది, వాటి మీద పూసి అరగదీసిన తెల్లటి పూతది. నేత ఎత్తుపల్లాలే లేని చోట వాటిని కప్పాల్సిన పనీ ఉండదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరోపియన్ చిత్రాల గదిలోకి వెళ్ళి, ముఖచిత్రాలను ఎదురుగా కాకుండా వారగా నిలబడి చూడండి. నునుపంటే రంగు లేకపోవడం కాదనీ, పల్చటి పొరలు సమంగా పరుచుకోవడమనీ అక్కడ కళ్ళకు కడుతుంది.

12×16 అంగుళాల ముఖచిత్రానికి 6 మి.మీ. ఎం.డి.ఎఫ్. బోర్డు చాలు. అంతకన్నా పెద్దదైతే వెనక చట్రం బిగించాలి, లేదా సైన్‌బోర్డులు చేసేవాళ్ళ దగ్గర దొరికే 3 లేక 4 మి.మీ. ఏ.సి.పి. షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక) తీసుకోవాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఏ.సి.పి. మంచి ఎంపిక, తేమకు ఉబ్బదు. ఎం.డి.ఎఫ్. అంచులు తేమ పీలిస్తే బిస్కెట్‌లా ఉబ్బుతాయి. క్యాన్వాసే కావాలంటే సన్న నేత లినెన్ అడగండి. మామూలు కాటన్ క్యాన్వాస్ మీద నేత మునగాలంటే ఉన్న గెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లటి పూత) మీద ఇంకో మూడు నాలుగు పూతలు పడతాయి.

ఎం.డి.ఎఫ్. బోర్డు అయితే మొదట అక్రిలిక్ గ్లాసీ మీడియం (మెరిసే రకం పారదర్శక పూత) ఒక పూత ముందు, వెనక, నాలుగంచులకూ వేయండి. ఇది తేమను ఆపుతుంది, చెక్కలోని గోధుమ రంగు తెల్ల పూతలోకి ఊరకుండా కూడా ఆపుతుంది. ఏ.సి.పి. అయితే మెరిసే పైపూతను 220 నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు చచ్చేదాకా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి గెస్సో మొదలుపెట్టండి.

ఎం.డి.ఎఫ్. మీది ఆ మొదటి పూత ఒక రాత్రి ఆరాక అక్రిలిక్ గెస్సో. పది చెంచాల గెస్సోకు ఒక చెంచా నీళ్ళు కలిపితే మీగడలా వస్తుంది. దీన్ని బ్రష్‌తో కన్నా 4 అంగుళాల ఫోమ్ రోలర్‌తో వేయడం మేలు. రోలర్ వదిలే సన్న చుక్కలు ఉప్పు కాగితానికి తేలిగ్గా అరుగుతాయి. బ్రష్ వదిలే గట్లు అరగదీయాలంటే మొత్తం పూతే పోతుంది. నాలుగు పూతలు వేయండి, ఒకటి నిలువుగా, తర్వాతిది అడ్డంగా. పూతకూ పూతకూ మధ్య ఎండాకాలంలో గంట, వానాకాలంలో నాలుగు గంటలు ఆగండి. రెండో పూత తర్వాత 220, నాలుగో పూత మర్నాడు 320, ఆఖరున తడిపిన 400 వాటర్ పేపర్. కాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి రుద్దండి, వేళ్ళతో రుద్దితే వేళ్ళ ఒత్తిడి పడ్డచోట గుంటలవుతాయి. ముక్కుకు మాస్కు తప్పదు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఎక్కడ ఆపాలన్నది ముఖ్యం. కోడిగుడ్డు పెంకును వెలుతురుకు పెడితే ఎంత మెరుస్తుందో తలం అంత మెరవాలి, ఆపైన అక్కర్లేదు. ఇంకా బాగుంటుందని 1000 నంబరు దాకా వెళితే రంగుకు పట్టు దొరకదు. మొదటి గీత పడుతుంది, రెండో గీత దాన్ని ఎత్తుకుపోతుంది. కొన్నేళ్ళకు పొర ఊడినా ఊడుతుంది. రుద్దడం అయ్యాక కనీసం మూడు రోజులు, వానాకాలంలో వారం ఆగి అప్పుడు ఆయిల్ మొదలుపెట్టండి.

రెండు వస్తువులు ఈ పనికి వాడకండి. ఒకటి, గోడలకు వేసే సిమెంటు పుట్టీ. అద్దంలా నునుపు వస్తుంది గానీ అందులోని క్షారం నూనెను సబ్బులా మార్చేస్తుంది. రెండోది, ఫెవికాల్‌లో చాక్ పౌడర్ కలిపి చేసే ఇంటి గెస్సో. అభ్యాసానికి పరవాలేదు, దాచుకోవలసిన చిత్రానికి వద్దు.

కుంచె బిరుసు, రంగు చిక్కదనం

ఏ బ్రష్ మంచిది అన్న ప్రశ్నకు ఒంటరిగా జవాబు లేదు. ఏ రంగుకు అన్నది కూడా అడగాలి. వెంట్రుకలు రంగుకన్నా కాస్తే బిరుసుగా ఉండాలి. మరీ బిరుసైతే దున్నుతాయి. రంగుకన్నా మెత్తనైతే రంగు కదలదు, వెంట్రుకలే వంగిపోతాయి. మెత్తటి బ్రష్ కొని, అది కదలడం లేదని నూనె కుమ్మరించడంలోనే ఎక్కువ చిత్రాలు పాడవుతాయి.

ఇంట్లో పరీక్ష తేలిక. ట్యూబు నుంచి రంగు తీసి ప్యాలెట్ మీద ఒక గీత లాగండి. గీతకు రెండు పక్కలా గట్లు లేచి మధ్యలో చాళ్ళు పడితే ఆ రంగుకు ఆ కుంచె ఎక్కువ బిరుసు. కుచ్చు వంగి, రంగు మీద పైపైనే జారితే ఎక్కువ మెత్తన. అంచులు పల్చగా ముగిసి, చాళ్ళు కనీకనపడకుండా ఉంటే రెండూ సరిజోడు. ఈ పరీక్ష ప్రతి రంగుకూ చేయండి, ముఖ్యంగా టైటానియం వైట్‌కు. వెన్న ముద్దలా ఉండే ఆ తెలుపే వెలుగు పడే చోట్ల ఎక్కువగా వాడతాం కాబట్టి ముక్కు మీద, నుదుటి మీద చాళ్ళు ముందుగా కనపడతాయి. పని మొదలుపెట్టే ముందే బఠాణీ గింజంత తెలుపుకు ఒక చుక్క నూనె వేసి ప్యాలెట్ కత్తితో నిమిషం సేపు నూరితే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది.

వెంట్రుకల విషయానికొస్తే, హాగ్ బ్రిసిల్, అంటే పంది వెంట్రుకల బ్రష్, మొదటి పొరకు, రంగును తలంలోకి రుద్దడానికి బాగుంటుంది. నునుపు కావలసిన పై పొరల్లోకి దాన్ని రానివ్వకండి. రోజంతా పనిచేసేది మధ్యరకం బిరుసున్న సింథటిక్: నైలాన్ పోగులవి, వంచి వదిలితే వెంటనే నిటారుగా లేచేవి. కొలిన్‌స్కీ సేబుల్ (ఒక చిన్న జంతువు తోక వెంట్రుకల బ్రష్) చాలా మెత్తన, మొన బాగా నిలుస్తుంది, ఖరీదూ ఎక్కువే. కనురెప్పలు, పెదవి అంచు గీయడానికి 2వ నంబరు రౌండ్ ఒక్కటి ఉంటే చాలు. మిగతా పరిమాణాలకు సింథటిక్ సేబుల్ సరిపోతుంది.

ముంగిస వెంట్రుకల బ్రష్ ఎవరైనా చూపిస్తే కొనకండి. మన దేశంలో ముంగిసకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, ఆ వెంట్రుకలతో బ్రష్‌లు చేయడం, అమ్మడం, కొనడం నేరం. ఒక్క బ్రష్‌కు పనికొచ్చే వెంట్రుకల కోసం కూడా ఆ జంతువును చంపుతారు. అదే బిరుసు ఇచ్చే సింథటిక్ మంగూస్ బ్రష్‌లు ఇప్పుడు దొరుకుతున్నాయి, వాటి మీద ‘సింథటిక్’ అని రాసి ఉందో లేదో చూసుకోండి.

ఆకారాల్లో మీకు పెద్దగా కావలసింది ఫిల్‌బర్ట్. చివర గుండ్రంగా ఉంటుంది కాబట్టి గీత అంచున చదరపు మూల వదలదు, రెండు రంగుల అతుకు కలపడానికి దీనికి మించింది లేదు. నేపథ్యానికి ఫ్లాట్. బ్రైట్ అనేది ఫ్లాట్‌లోనే పొట్టి వెంట్రుకలది, అదే వెంట్రుకైనా పొట్టిగా ఉండేసరికి బిరుసవుతుంది, ఈ పనికి అక్కర్లేదు. ఫ్యాన్ బ్రష్‌ను నునుపు చేసే బ్రష్ అని అమ్ముతుంటారు. నిజానికి అది దువ్వెన పళ్ళలాంటి గీతలు వదులుతుంది. గడ్డి, జుట్టు వేయడానికి ఉంచుకోండి, చర్మం మీదికి తేకండి.

12×16 చిత్రానికి ఈ సెట్ సరిపోతుంది: సుమారు 20 మి.మీ. వెడల్పు ఫ్లాట్ ఒకటి, 12 మి.మీ., 8 మి.మీ., 5 మి.మీ. ఫిల్‌బర్ట్‌లు రెండేసి, 2వ నంబరు రౌండ్ ఒకటి, మాప్ బ్రష్‌లు రెండు. నంబర్లు కాకుండా మిల్లీమీటర్లు చెప్పడానికి కారణం ఉంది, ఒక కంపెనీ 8వ నంబరు ఇంకో కంపెనీ 6వ నంబరుతో సమానం కావచ్చు. ఫిల్‌బర్ట్‌లు రెండేసి ఎందుకంటే ఒకటి వెలుగుకు, ఒకటి నీడకు. ఒకే బ్రష్‌తో రెండూ చేస్తే బుగ్గ బురదవుతుంది.

మాప్ అంటే గుండ్రంగా, ఒత్తుగా, చాలా మెత్తగా ఉండే కుచ్చు. ఇది రంగు వేయడానికి కాదు, వేసిన రంగు మీద చాళ్ళు చెరపడానికి. మేకప్ దుకాణంలో దొరికే సింథటిక్ పౌడర్ బ్రష్ ఈ పని చక్కగా చేస్తుంది, ధర తక్కువ. మేక వెంట్రుకల వెడల్పు బ్రష్ కూడా వాడతారు గానీ అది వెంట్రుకలు రాలుస్తుంది. తడి రంగులో ఇరుక్కున్న వెంట్రుకను తీయబోతే అప్పటిదాకా తెచ్చిన నునుపు పోతుంది.

దుకాణంలో కొత్త బ్రష్ మొన చూసి మోసపోవద్దు, అది జిగురుతో బిగించిన మొన. వేళ్ళతో మెల్లగా నలిపి జిగురు విడగొట్టండి, కుదిరితే నీళ్ళు అడిగి తడపండి. అప్పుడు విదిలిస్తే వెంట్రుకలు తమంతట తాము ఒకచోటికి చేరాలి. గోటికి ఒత్తి వదిలితే నిటారుగా లేవాలి. ఫిల్‌బర్ట్ అంచున ఒకటి రెండు పోగులు పక్కకు పొడుచుకొస్తే వద్దనండి, ఆ ఒక్క పోగే ప్రతి గీతలోనూ ఒక చాలు వదులుతుంది. లోహపు గొట్టాన్ని పట్టుకుని పిడిని తిప్పి చూడండి, కదలకూడదు.

మీడియం: ఏది, ఎంత

నూనె ఎండడమంటే నీళ్ళు ఆవిరవడం లాంటిది కాదు. గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని నూనె గట్టిపడుతుంది. కాబట్టి మీరు కలిపిన ప్రతి చుక్క నూనె ఆ చిత్రంలోనే ఉండిపోతుంది. రంగును పల్చన చేయడానికి కలిపే టర్పెంటైన్ ఎగిరిపోతుంది, నూనె ఉండిపోతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా లెక్కలన్నీ తేలికవుతాయి.

నునుపు కోసం నూనెల్లో స్టాండ్ ఆయిల్‌ను ముందు చెప్పాలి. గాలి తగలకుండా చాలా ఎక్కువ వేడి మీద కాచిన అవిసె నూనె ఇది, తేనెలా చిక్కగా ఉంటుంది. రంగులో కలిస్తే గీత పడ్డాక రంగు తనంతట తాను చదునవుతుంది. మామూలు అవిసె నూనె కన్నా తక్కువ పసుపు తిరుగుతుంది. లోపమేమిటంటే నెమ్మదిగా ఆరుతుంది. అక్రోటు నూనె, కుసుమ నూనె పల్చన, పసుపు తక్కువ, తెలుపుకూ నీలానికీ బాగుంటాయి. గట్టిదనంలో మాత్రం అవిసె నూనెదే పైచేయి, కాబట్టి కింది పొరల్లో వీటిని వాడకండి.

లిక్విన్ లాంటి ఆల్కిడ్ (నూనెతో చేసిన, త్వరగా ఆరే రెసిన్) మీడియంలు వేరే రకం. పల్చటి పొర మర్నాటికి ముట్టుకుంటే అంటనంతగా ఆరుతుంది. వారానికి రెండు రోజులే బొమ్మ వేయగలిగే ఉద్యోగస్తులకు ఇది వరం. కానీ త్వరగా జిగటెక్కుతుంది. వేసవిలో ఏసీ లేని గదిలో గంట లోపే కుంచెకు పట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడు తిరిగి కెలికితే నునుపు పోయి గరుకు తేలుతుంది. ఆల్కిడ్ మొదలుపెడితే కింది పొర నుంచే మొదలుపెట్టండి. నెమ్మదిగా ఆరే నూనె పొర కింద ఉండగా పైన ఆల్కిడ్ వేస్తే పైది ముందు బిగుసుకుని, కిందిది తర్వాత కదిలి, పగుళ్ళిస్తుంది.

కొనేటప్పుడు మూడు జాగ్రత్తలు. పెయింట్ల దుకాణంలో టర్పెంటైన్ అడిగితే తరచుగా ఇచ్చేది పెట్రోలియం నుంచి తీసిన మినరల్ టర్పెంటైన్. బ్రష్‌లు కడగడానికి సరే, మీడియంలోకి ఆర్టిస్టుల కోసం శుద్ధి చేసిన టర్పెంటైనో, వాసన లేని మినరల్ స్పిరిటో తీసుకోండి. అదే దుకాణంలో తలుపులకు వేసే డబుల్ బాయిల్డ్ అవిసె నూనె ఉంటుంది. అందులో త్వరగా ఆరే మందులు కలిపి ఉంటాయి, చిత్రంలో వాడితే ముదురు రంగుకు తిరుగుతుంది. వంటకు అమ్మే అక్రోటు నూనె కూడా వద్దు. నూనె చెడిపోకుండా విటమిన్-ఇ కలిపి ఉండవచ్చు, నూనె చెడకుండా ఆపేదే అది ఎండకుండానూ ఆపుతుంది.

30 మి.లీ. సీసా కడిగి ఆరబెట్టి, 10 మి.లీ. స్టాండ్ ఆయిల్, 20 మి.లీ. టర్పెంటైన్ పోసి ఊపండి. ఇది మధ్య పొరకు. ఆఖరి పొరకు ఇంకో సీసాలో 15, 15. మొదటి పొరకు నూనె అసలు వద్దు, రంగుకు కొద్దిగా టర్పెంటైన్ మాత్రమే, అది కూడా నీళ్ళలా కారేంత కాదు. మరీ పల్చన చేస్తే రంగును పట్టి ఉంచే నూనె చెదిరిపోయి, ఆరాక వేలికి పొడిలా అంటుతుంది. పై పొరలో నూనె పెరుగుతూ పోవడం ఆయిల్ పెయింటింగ్‌లో పాత నియమం. తక్కువ నూనె పొర త్వరగా ఆరి గట్టిపడుతుంది, ఎక్కువ నూనె పొర ఎక్కువకాలం సాగుతుంది. సాగేది పైన ఉండాలి.

మోతాదు: బఠాణీ గింజంత రంగుకు ఒకటి లేదా రెండు చుక్కలు. ఎంత అవసరమనిపించినా రంగు పరిమాణంలో అయిదో వంతు దాటకండి. డ్రాపర్ వాడండి. చిన్న గిన్నెలో కుంచె ముంచి తీసే అలవాటు ఉంటే ఎంత పడిందో మీకే తెలియదు. ఎక్కువ నూనె పడ్డ పొర పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, కొన్ని రోజులకు ఎండిన పాల మీగడలా ముడతలు పడుతుంది. ఆ ముడతలను సరిచేసే దారి లేదు, గీకేయడమే.

పని: ఒక బుగ్గ

ముఖంలో వెలుగు నుంచి నీడకు మెల్లగా జారే చోటు బుగ్గ. దీని మీద చేయి కుదిరితే కుండైనా, మామిడిపండైనా కుదురుతుంది.

ముందు రోజే ఎల్లో ఓకర్‌లో కొంచెం బర్న్ట్ అంబర్ కలిపి, టర్పెంటైన్‌తో పల్చన చేసి, బోర్డంతా పూసి గుడ్డతో తుడిచేయండి. తెల్ల గెస్సో రంగును పీల్చుకోవడం దీంతో తగ్గుతుంది. పీల్చే తలం మీద కుంచె పట్టేస్తుంది, నునుపు రాదు. అంబర్‌లోని మాంగనీస్ వల్ల ఈ పొర త్వరగానే ఆరుతుంది. ముట్టుకుంటే అంటనప్పుడు మొదలుపెట్టండి.

ప్యాలెట్ మీద అయిదు ముద్దలు వరసగా కలపండి, వెలుగు నుంచి నీడ దాకా. మన చర్మపు రంగుకు బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, తెలుపు పునాది, నీడ వైపు పోతున్న కొద్దీ తెలుపు తగ్గిస్తూ బర్న్ట్ అంబర్, పిసరంత అల్ట్రామెరీన్. పక్కపక్క ముద్దల మధ్య తేడా సమంగా ఉందో లేదో కళ్ళు చిట్లించి చూడండి. ఒకచోట పెద్ద గెంతు ఉంటే ఆ గెంతును తర్వాత ఏ మాప్ బ్రష్షూ మాయం చేయలేదు. ట్యూబు మూతి దగ్గర ఎండిన పలుకులు కలిసి ఉంటే ఇప్పుడే కత్తి మొనతో తీసేయండి. చాలా ‘కుంచె గరుకు’ నిజానికి ఈ పలుకులే.

8 మి.మీ. ఫిల్‌బర్ట్‌తో అయిదు రంగులనూ పక్కపక్కన పెంకుల్లా పరచండి. కింది పొర కనపడీ కనపడనంత పల్చన చాలు. ఇక్కడ ఇంకా కలపకండి. అన్నీ చోటు చేసుకున్నాక, శుభ్రమైన పొడి ఫిల్‌బర్ట్ తీసుకుని రెండు రంగుల సరిహద్దు మీద చిన్న చిన్న జిగ్‌జాగ్ గీతలు లాగండి, సరిహద్దుకు అడ్డంగా. ఒక సరిహద్దు పూర్తికాగానే గుడ్డకు తుడిచి రెండోదానికి వెళ్ళండి. వెలుగు వైపు సరిహద్దులు ముందు, నీడ వైపువి తర్వాత. తిరగేస్తే నీడ రంగు వెలుగులోకి ఎక్కి మాసినట్టవుతుంది.

ఇప్పుడు మాప్. పూర్తిగా పొడిగా ఉండాలి, మీడియం చుక్క కూడా తగలకూడదు. తలానికి నిటారుగా పట్టుకుని వెంట్రుకల కొసలు మాత్రం తాకేలా, దుమ్ము దులిపినంత తేలిగ్గా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, ఒకసారి ఐమూలగా ఆడించండి. చేతి బరువు పడకూడదు, బ్రష్ బరువు చాలు. మూడు నాలుగు విసుర్లకొకసారి కొసలు గుడ్డకు తుడవండి. ఆఖరి విసురు బుగ్గ వంపు వెంబడి పోవాలి. మాప్ కింద రంగు లాక్కుపోతుంటే మీరు పరచిన పొర మందంగా ఉందని అర్థం. మాప్ ఆపి, పొడి ఫిల్‌బర్ట్‌తో కొంత రంగు ఎత్తేసి మళ్ళీ రండి. రంగు జిగటెక్కి కుచ్చును పట్టుకుంటుంటే మాత్రం ఆ రోజుకు ఆపేయండి.

మాప్ మీద మోజు పెరిగితే ఒక ప్రమాదం ఉంది: దులిపిన కొద్దీ వెలుగూ నీడా ఒకే మధ్య రంగులోకి కరిగిపోయి ముఖం మైనపు బొమ్మలా తయారవుతుంది. నీడ మొదలయ్యే గీత, దవడ అంచు, ముక్కు కింది నీడ, వీటిని దులపకండి. జుట్టు, చీర అంచు, నగలు కాస్త గరుకుగా ఉంచితేనే పక్కనున్న చర్మం నునుపుగా కనపడుతుంది.

రెండో పొరకు ముందు మళ్ళీ వారగా వెలుతురు పట్టి చూడండి. ఈసారి సెల్‌ఫోన్ లైటు చాలు. లేచిన పలుకులను కొత్త బ్లేడును దాదాపు పడుకోబెట్టి కోసేయండి. రంగు బాగా ఆరి ఉంటే తడిపిన 600 వాటర్ పేపర్‌తో తేలిగ్గా రుద్దవచ్చు. కాడ్మియం లేదా సీసం ఉన్న రంగులు వాడిన చోట రుద్దకండి, ఆ పొడి విషం. కొన్నిచోట్ల రంగు వెలిసి మెరుపు లేకుండా కనపడుతుంది, కింది పొర నూనె పీల్చేసింది. ఆఖరి పొర మీడియంను మెత్తటి నూలుగుడ్డకు రెండు మూడు చుక్కలు అద్ది, ఆ చోట రుద్ది, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి. మెరుపు మిగలాలి, తడి మిగలకూడదు. ఇలా చేసిన తలం మీద రెండో పొర రంగు వెన్నలా జారుతుంది, విడిగా మీడియం దాదాపు అక్కర్లేదు. నునుపైన చిత్రాలు రెండు మూడు ఇలాంటి పల్చటి పొరల్లో వస్తాయి. ఒక్క మందపాటి పొరలో సాధించాలని చూడకండి.

కొన్నిసార్లు రెండో పొర రంగు తామరాకు మీద నీళ్ళలా బొట్లు బొట్లుగా విడిపోతుంది. కింది పొర మరీ నూనెగానో, ఆల్కిడ్ వల్ల మరీ నునుపుగానో ఉందన్నమాట. 600 కాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్ది తుడిస్తే పట్టు వస్తుంది.

దుమ్ము, పురుగులు, గుడ్డలు

సీలింగ్ ఫ్యాన్ రెక్కల మీది దుమ్ము తడి చిత్రం మీద పడితే నెలల పని పోతుంది. పని మొదలుపెట్టే ముందు రెక్కలు తడిగుడ్డతో తుడవండి, పని అయ్యాక చిత్రం ముఖం గోడ వైపు, పై అంచు కాస్త ముందుకు వాలేలా నిలబెట్టండి. వానాకాలం సాయంత్రాలు లైటుకు చేరే పురుగులు తెల్లటి చోట్లనే వెతుక్కుని అంటుకుంటాయి. ఇరుక్కుంటే తడిలో తీయకండి. ఎండాక దులిపితే చాలావరకు ఊడిపోతాయి. అయితే టర్పెంటైన్ వాడుతున్నంతసేపు కిటికీలు మూయకండి, దోమతెర బిగించుకోండి.

అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయడం నిజంగా ప్రమాదం. నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతట అదే నిప్పు అంటుకుంటుంది, మన ఎండలకు ఇంకా తొందరగా. గుడ్డలను విప్పి, ఆరుబయట ఒక్కొక్కటిగా తీగ మీద ఆరేయండి, లేదా మూతున్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి ముంచి ఉంచండి.

బ్రష్‌లు కడగడానికి ముందు రంగంతా గుడ్డకు తుడిచేయండి. కుసుమ నూనెలో ఆడించి మళ్ళీ తుడవండి, మిగిలింది కొంచెం టర్పెంటైన్‌తో పోతుంది. కిరసనాయిలు వాడితే జిడ్డు మిగులుతుంది, తప్పనిసరిగా సబ్బుతో కడగాలి. ఒంటి సబ్బు లేదా షాంపూ అరచేతిలో వేసుకుని నురగ తెల్లగా వచ్చేదాకా కుచ్చును తిప్పండి. లోహపు గొట్టం లోపల దాగిన రంగు ఎండితే కుచ్చు విచ్చుకుంటుంది, విచ్చుకున్న ఫిల్‌బర్ట్ మళ్ళీ నునుపు గీత ఇవ్వదు. వేళ్ళతో మొన సరిచేసి పడుకోబెట్టి ఆరబెట్టండి. తడిగా ఉండగా నిటారుగా నిలబెడితే నీళ్ళు గొట్టంలోకి దిగి పిడి ఉబ్బుతుంది. మాప్ బ్రష్‌లు మర్నాటికి లోపలి దాకా ఆరకపోవచ్చు, అందుకే రెండు ఉంచుకోమన్నది. సేబుల్ వెంట్రుకలను పురుగు కొడుతుంది, పెట్టెలో రెండు కలరా ఉండలు వేసి ఉంచండి.

వార్నిష్‌కు తొందర వద్దు. పల్చటి పొరలకు ఆరు నెలలు, కాస్త మందం ఉంటే ఏడాది. టర్పెంటైన్ అద్దిన దూదిని ఒక మూల తేలిగ్గా రాసి చూడండి, దూదికి రంగు అంటితే ఇంకా ఆగాలి.